పాటయ్యాక వచ్చే పేర్లు

పుటుక్కుమని తొడిమ ఊడింది, కాయ చేటలో పడింది, జమ్లి చెయ్యి మళ్లీ కుప్పలోకి పోయింది. పొద్దున వంట కాగానే కూర్చున్న కుప్ప ఇది, ఇప్పుడు రెండు దాటింది, చూరు నీడ వాకిట్లో చెంబు దాకా జరిగింది, మిరపకాయలు మాత్రం తరిగినట్టే లేవు. గోటి సందుల్లో మంట మొదట చురుక్కుమంది, తర్వాత మొద్దుబారింది, ఇప్పుడు వేళ్లు తనవి కానట్టున్నాయి. మంచిదే, తనవి కాని వేళ్లు వాటి పని అవి చేసుకుపోతాయి, చెవులు ఒక్కటి మిగిలితే చాలు. చెవులు లోపలి గదిలో ఉన్నాయి. అక్కడ ట్రంకుపెట్టె మీద టేప్‌రికార్డరు, దాని ముందు నులక మంచం మీద పెనిమిటి తుల్సీరాం, మండలాఫీసులో అటెండరు, మోకాళ్ల మీద మోచేతులు ఆనించి కూర్చున్నాడు. మూడు రోజులుగా అదే కూర్చోవడం. మొదటి వైపు అయిపోయింది. క్యాసెట్టు తీసి తిప్పి పెట్టిన చప్పుడు, మూత పడిన చప్పుడు. ఇక రెండో వైపు. రెండో వైపు మూడు పాటలు. మూడో పాట అయ్యాక ఏమీ ఉండదు, ఉత్త గరగర; వినేవాళ్లు ఎవరైనా అక్కడ ఆపేస్తారు, ఎస్సై ఆపేశాడు, మొన్న తుల్సీరామూ ఆపేశాడు. ఆపకుండా ఇరవై లెక్కపెట్టేంతసేపు ఓపిక పడితే పేర్లు వస్తాయి. నాలుగు పేర్లు, నలుగురి తండ్రుల పేర్లు, తండా పేరు. ఈ ఇంట్లో ఆ సంగతి తెలిసింది తనొక్కదానికే. నాలుగో పేరు తనది. మొదటిది తన అన్న దస్రుది.

నాలుగింటికి జీపు వస్తుంది. తారురోడ్డు వైపు నుంచి వచ్చి ఈ వాకిటి ముందే ఆగుతుంది, క్యాసెట్టు తీసుకుంటారు, పాడిందెవరో అడుగుతారు. సోమవారం నాడు ఆఫీసు నుంచి వచ్చి తుల్సీరాం కాళ్లు కూడా కడుక్కోకుండా చెప్పిన మాటలు ఇవే. ఎస్సై తనను వరండాలో పక్కకు పిలిచాడట, "నీది తండానే గదా, ఆ భాష నీకు తెలుసు గదా, ఇంటికి పట్టుకపోయి నిమ్మళంగా విను, గొంతులు ఎవరివో చెప్పు, చెప్తే నీకే మంచిది" అన్నాడట. చెప్పకపోతే ఏమవుతుందో అనలేదట, టోపీ పెట్టుకున్నాడట. ఆ టోపీ పెట్టుకోవడం గురించి చెప్పేటప్పుడు తుల్సీరాం చెయ్యి తనకు తెలియకుండానే తలమీదికి పోయింది. అది చూసి జమ్లి నీళ్ల చెంబు ముందు పెట్టింది. అడగడానికి ఏముంది, పదిహేను రోజుల కిందట అడవి అంచున తునికాకు కల్లం తగలబడింది, ఆరబెట్టిన ఆకు కట్టలతో పాటు పందిట్లో నిద్రపోతున్న కాంట్రాక్టరు పిచ్చయ్య కూడా కాలిపోయాడు, ఈ చుట్టుపక్కల ఆ మాట తెలియని కుక్క లేదు. కాలని మూల ఎవరిదో సంచి దొరికింది, సంచిలో ఈ క్యాసెట్టు ఉంది, క్యాసెట్టు మీద సిరా పెన్నుతో 'డబ్బా మేళం – మొదటి పాటలు' అని ఉంది. ఆ పాటల్లో చిట్టచివరిది పిచ్చయ్య పేరు పెట్టి పాడినది. అగ్గిపుల్ల మాట ఉన్నది. పాడి పన్నెండేళ్లయింది. పన్నెండేళ్ల కిందటి పాటకూ పదిహేను రోజుల కిందటి మంటకూ మధ్య ఎన్ని వానలు కురిశాయో ఎస్సైకి అక్కర్లేదు. ఆయనకు కావాల్సింది నాలుగు పేర్లు.

లోపల గరగర. ఆ గరగరను ఆమె ఎక్కడున్నా గుర్తుపడుతుంది, అది చెంచురామయ్య గారి బ్యారన్ ఊపిరి, పచ్చి పొగాకును వేడికి ఆరబెట్టే కొట్టు. నలుచదరంగా, మూడు నిలువుల ఎత్తు గోడలు, లోపల అడ్డకర్రలు, నేలన రేకు గొట్టాలు, పొగాకు దించేసిన బ్యారన్‌లో నిలబడి దగ్గితే దగ్గు పైకప్పు దాకా పోయి, అక్కడేదో ఆలోచించుకుని, మరెవరిదో దగ్గయి కిందికి వచ్చేది. దస్రు అక్కడ పొయ్యి దగ్గర కట్టెలు ఎగదోసే పనికి పోయేవాడు. ఆ దగ్గు విన్ననాడే అన్నాడు, ఇక్కడ పాడాలె అని. చెంచురామయ్య గారిది కృష్ణ అవతలి నుంచి పొగాకు కోసం వచ్చిన కుటుంబం, ఆయన కోడలు నిర్మలాదేవి కాపురానికి వస్తూ బెజవాడ నుంచి తెచ్చుకున్న టేప్‌రికార్డరు ఆ చుట్టుపక్కల నాలుగు ఊళ్లకు ఒక్కటే. ఆ మనిషికి ఏం తోచేది కాదు పాపం, అడవి చూసి భయపడేది, మధ్యాహ్నం మామగారు నిద్రపోగానే ఆ పెట్టెను చీర కొంగు కింద పెట్టుకుని బ్యారన్ దగ్గరికి వచ్చేది, చంటిపిల్లను ఎత్తుకుని వచ్చినట్టు. "ఉత్తప్పుడు ఈ ఒక్క మీట చాలు. మీ పాట ఎక్కాలంటే ఈ ఎర్రదీ ఇదీ రెండూ కలిపి నొక్కాలమ్మాయ్. గట్టిగా. నొక్కాక మాత్రం నోరెత్తకండి. దీనికి చెవులెక్కువ, బయట కోడి కూసినా ఎక్కుద్ది. పాతదుంటే అది చెరిగిపోయి ఈ కూతే మిగుల్తుంది." రెండు మీటలు కలిపి నొక్కితే వచ్చే చప్పుడు వేరు, బరువుగా, గడియ పడ్డట్టు. జమ్లికి పదహారేళ్లు. ఆ మీటలు నొక్కే పని తనకే ఇమ్మని అడిగింది, నిర్మలాదేవి ఇచ్చింది, ఆమె చేతి గాజులు మిరపకాయల రంగువి, కాదు, మిరపకాయలు ఇప్పుడివి, ఆ గాజులు పచ్చవి.

ఆగదమ్మా ఆగదు ఎర్రబస్సు ఆగదు, మా తండా కాడికొస్తే బిరేకు దానికి తగలదు. మొదటి పాట. దస్రు గొంతు. ముందు కిరసనాయిలు డబ్బా మీద నాలుగు దెబ్బలు, డబ్బా అడుగున రెండు గులకరాళ్లు ఉంటాయి, కొట్టినప్పుడల్లా అవి ఎగిరి పడతాయి, తర్వాత తండాలోని రూప్‌సింగ్ వాయించే బుల్‌బుల్ వాయిద్యం, దానికి రెండు తీగలు లేవు, ఉన్న తీగల్లో ఒకటి సైకిల్ బ్రేకు వైరు లోంచి పీకింది, అది మోగినప్పుడు పళ్లు పులిసేవి. హేమ్లి కంచు పళ్లెం. జమ్లి గొంతు. అంతే మేళం. చెంచురామయ్య గారు ఒకరోజు నిద్ర చెడి వచ్చి, "పాటట్రా ఇది, రేకుల మీద వడగళ్లు పడ్డట్టుంది" అన్నాడు, దస్రు చేతులు కట్టుకుని, "వడగండ్లు గూడ పైకెల్లే వస్తయి గద దొరా" అన్నాడు, ఆయనకు తిట్టాలో నవ్వాలో తెలియక వెళ్లిపోయాడు. తర్వాత తర్వాత మేళం ఊళ్లు తిరిగింది, హార్మోనియం వచ్చింది, మైకు వచ్చింది, పాట నున్నబడింది, నున్నబడ్డ ఏడాదికే ఎవరి దారి వారిదయింది. రూప్‌సింగ్ బొగ్గుగనుల వైపు పోయాడు. హేమ్లి ఎర్రుపాలెం దగ్గరికి కాపురానికి పోయి రెండో కాన్పులో పోయింది. దస్రు వాగు అవతలి తండాలోనే ఉన్నాడు, ఇద్దరు పిల్లలు, రెండేళ్లుగా క్షయ, దవాఖానాలో సూదులు, గొంతు పూర్తిగా పోయింది, పెదవులు కదులుతాయి గాలి వస్తుంది. ఇవాళ దస్రును తెచ్చి ఈ పాట పక్కన నిలబెడితే ఇది ఇతని గొంతని కన్నతల్లి కూడా చెప్పలేదు. ఆ ధైర్యంతోనే మూడు రోజులుగా జమ్లి అన్నం వండుతోంది. గొంతు ఎవరికీ దొరకదు. పేరు దొరుకుతుంది.

పేర్లు చెప్పడం దస్రు పెట్టిన ఆచారం. బ్యారన్ దగ్గర కట్టెలు ఎగదోస్తూ రేడియో వినేవాడు, రేడియోలో పాటకు ముందు పాడేవారి పేరు చెబుతారు, అది అతనికి పాటకంటే ఎక్కువ నచ్చింది. "మన పేర్లు రేడియోల ఎవడు చెప్తడే, మనమే చెప్పుకోవాలె" అన్నాడు. ప్రతి పాటకూ ముందు, గొంతు సవరించుకుని, పట్నపు పలుకు తెచ్చిపెట్టుకుని, ఫలానా వాని కొడుకు ఫలానా, ఫలానా వాని బిడ్డ ఫలానా అని, లగ్గంలో తండా నాయక్ పెద్దమనుషుల వంశం చదివినట్టు చదివేవాడు. ఎవరికి భయం అప్పుడు? పేరు చెప్పుకుంటే ఎవరో వస్తారని తెలుసు గానీ మెచ్చుకోవడానికి వస్తారనుకున్నారు. ఖమ్మంలో క్యాసెట్లు ఎక్కించే దుకాణం పెట్టుకున్న హరిలాల్, దస్రుకు పెదనాన్న కొడుకు వరస, పోయిన దీపావళికి ఆ పాత టేపులన్నీ వెతికి తీసుకుపోయాడు. "తర్వాతి పాటలు నున్నగయినంక అందరి పాటల తీర్గనే అయినయి. మొదట పాడినయే గరుకుగున్నయి. గరుకే నిలవడ్తది చెల్లె" అన్నాడు. ఏరి ఏరి ఎనిమిది పాటలు ఒక క్యాసెట్టు కెక్కించాడు. కాలం బాగాలేదని పేర్లు చెప్పే ముక్కలన్నీ జాగ్రత్తగా వదిలేసి పాట మొదలైన చోటి నుంచే ఎక్కించాడు. చివరి పాట ఒక్కటి మాత్రం మీట నొక్కి వదిలేసి చాయ్ తాగడానికి పోయాడు. పాటకు ముందు పేర్లు లేవు కదా అనుకున్నాడు. ఆ రోజు దస్రు ముందు మర్చిపోయి, పాటయ్యాక చెప్పాడని హరిలాల్‌కు ఎట్లా తెలుసు, అతను ఆ రోజు బ్యారన్‌లో లేడు. పదకొండు క్యాసెట్లు చేశాడు. సంక్రాంతికి ఒకటి తెచ్చి దస్రు ఇంట్లో వినిపించి పట్టుకుపోయాడు, ఆ రోజు పాటలయ్యాక అందరూ లేచిపోతే జమ్లి ఒక్కతే గరగర దాటి చివర దాకా వింది. కల్లం సంగతి వినగానే తన దగ్గరున్న పదీ, అసలు టేపులూ మున్నేట్లో కలిపానని కబురు పంపాడు. పదకొండోది ఎవరో అడిగితే ఇచ్చాడట, ఎవరో గుర్తులేదట. అది ఇది. ట్రంకుపెట్టె మీద తిరుగుతున్నది.

రెండో పాట తమ భాషలో పాట, తీజ్ పండుగకు గోధుమ మొలకల బుట్టల చుట్టూ తిరుగుతూ పాడేది, హేమ్లి ఎత్తుకుంటుంది. హేమ్లి గొంతులో ఎప్పుడూ నవ్వు ఆగి ఉంటుంది, మూత పెట్టిన కుండలో పేలాల్లాగా. చచ్చిపోయిన మనిషి తన ఇంట్లో, తన మంచం పక్కన, పద్దెనిమిదేళ్లది, పాడుతోంది. జమ్లి చెయ్యి ఆగింది, మళ్లీ తొడిమ పట్టుకుంది. ఆ చరణం తర్వాత తన గొంతు కలుస్తుంది, సన్నగా, కొంచెం ముందు వెళ్లి, తప్పు తెలిసి వెనక్కి వచ్చి. మూడు రోజుల నుంచి ఆ తప్పు వచ్చినప్పుడల్లా ఆమె ఒళ్లు ముడుచుకుంటోంది. పెళ్లయి పదేళ్లు, ఈ ఇంట్లో తను పెదవి విప్పి ఒక్క పాట పాడలేదు, తీజ్‌కు కూడా గుంపులో నోరు ఆడించింది గానీ గొంతు ఇవ్వలేదు, అడిగితే నాకు పాట రాదంది. రాదని ఎందుకంది? అన్నకు ఆపద రాకముందే, పాట మీద ఎక్కడో మబ్బు పట్టిందని ఆమెకు అనిపించేది. తుల్సీరాంది వేరే తండా, డబ్బా మేళం ఊళ్లు తిరిగిన రోజుల్లో అతను పట్నంలో హాస్టల్లో ఉండి చదువుకున్నాడు, అతనికి తెలియదు, తెలియదనే అనుకుంటోంది.

వాకిట్లో వేపపుల్లతో పళ్లు కుట్టుకుంటున్న అత్త పూలి లేచి వసారా దగ్గరికి వచ్చింది, మోచేతుల దాకా ఉన్న గాజులు గలగలమన్నాయి. "ఎన్నిసార్లు ఇంటవ్‌రా అదే పాట? నీకు చెవుడు వచ్చిందా, గా పెట్టెకు నత్తి వచ్చిందా?"

"ఆఫీసు పని యాడీ" అన్నాడు లోపలినుంచి కొడుకు, తల్లిని తమ భాషలో పిలుస్తూ.

"గిదేం ఆఫీసు పని, మంచంల కూసోని పాటలినుడు? గసొంటి నౌకరీ నాక్కూడ ఇప్పియ్‌రాదురా, మేకల ఎంబడి తిరుగుడు తప్పుతది." ముసలామె జమ్లి వైపు తిరిగి కళ్లు చికిలించింది. "వీనికి పాటంటే గిట్లనే పిస్స. నీ లగ్గంనాడు ఏమయింది? నువ్వు ఎద్దు మీద నిలవడి ఢావ్లో పాడితివి, మీ యాడిని పట్టుకోని ఒకటి, మీ అన్నను పట్టుకోని ఒకటి. వీడు ఎద్దు పగ్గం పట్టుకోని గజగజ వణికిండు. మూడొద్దులు అన్నం ముట్టలే. 'యాడీ, గా గొంతు నా చెవుల్లకెల్లి పోతలేదు' అంటడు. నాకైతే నవ్వు. గప్పటిసంది నువ్వెన్నడన్న పాడ్తవేమోనని చూస్తనే ఉన్నడు, నువ్వేమో మూగదాని తీర్గ సంసారం చేస్తివి."

"పో యాడీ, మేకలు చేన్ల వడ్తయి" అంది జమ్లి. గొంతు మామూలుగానే వచ్చింది. ముసలామె కర్ర తీసుకుని గొణుక్కుంటూ కంప తడిక దాటిపోయింది.

ఢావ్లో. తమలో పిల్ల అత్తారింటికి పోయేటప్పుడు ఊరికే ఏడవకూడదు, ఏడుపును పాటగా పాడాలి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి పట్టుకుని పాడాలి, ఎవరి వంతు వారికి ఇచ్చిపోవాలి. నెల రోజులు ముందునుంచి ముసలమ్మలు నేర్పుతారు. తను నేర్చుకోలేదు, ఎద్దు మీద నిలబడగానే అదే వచ్చింది. దస్రు భియా అని పిలిచింది, నీ డబ్బా మీద దెబ్బనై ఉండిపోతే ఎంత బాగుండును భియా అని పాడింది, అవును, దస్రు పేరు పెట్టే పాడింది, ఆ పగ్గం పట్టుకున్న మనిషి అప్పుడు ఆమెకు మనిషి కాడు, పగ్గం కొన మాత్రమే, పసుపు తలపాగా ఒకటి, ఇంకేమీ చూడలేదు. అతనికి చెవులుంటాయని అనుకోలేదు. పదేళ్లు. అంటే సోమవారం నాడు మొదటిసారి ఆ మీట నొక్కినప్పుడే, రెండో పాటలో సన్నటి గొంతు కొంచెం ముందుకు వెళ్లి వెనక్కి వచ్చినప్పుడే, అతనికి తెలుసు. నా చెవుల్లోంచి పోవడంలేదన్న గొంతు. తెలిసీ ఆ రాత్రి పప్పులో ఉప్పు లేదని అనకుండా తిన్నాడు. తెలిసీ నిన్న పొద్దున ఆమె నీళ్లు తోడుతుంటే గిలక దగ్గర నిలబడి ఏదో చెప్పబోయి, తాడు పాతబడింది మార్చాలె అన్నాడు. మూడు రోజులుగా ఆమె ముఖం చూడడం లేదు. తను అతన్ని చూస్తోంది అనుకుంది, ఓపికగా, చేపను కాచే కొంగలాగా, అతను వింటున్నాడు. వినేవాడిని చూస్తే ఏం తెలుస్తుంది? అతనిది భయం మనిషి. పెద్దసారు పిలిస్తే చెప్పులు బయట విడిచి, జేబులోని పెన్ను కూడా తీసి చేత్తో పట్టుకుని పోయే మనిషి. ఈ పొలాన్ని నమ్ముకుని కాదు, ఆ నౌకరీని నమ్ముకుని ఇల్లు నిలబడింది. టోపీ పెట్టుకున్న ఎస్సై ముందు అతని నాలుక మీద ఏముంటుంది? జమ్లి అని పేరు చెప్పలేడు, పెళ్లాం పేరు. అన్న పేరు చెప్పగలడు. పెళ్లాన్ని దాచుకోవడానికి బామ్మర్దిని ఇచ్చే మగవాళ్లు ఉంటారు, దాన్ని లోకం తప్పు అనదు కూడా.

ఆకుల కల్లం నీదే పిచ్చయ్యో.

వచ్చింది. మూడోది. డబ్బా మీద దెబ్బలు ఇందులో మెల్లగా ఉంటాయి, అడుగులు వేసినట్టు, ఎవరో నడిచి వస్తున్నట్టు. కట్ట కట్టిన చెయ్యి మాది పిచ్చయ్యో, కట్ట తన్నిన కాలు నీది పిచ్చయ్యో. ఆ ఎండాకాలం పిచ్చయ్య కొత్తగా వచ్చిన కాంట్రాక్టరు, ఆడవాళ్లు తెల్లారకముందే అడవికి పోయి కోసుకొచ్చిన తునికాకు కట్టలను చిన్నగున్నాయని బూటుకాలితో తన్ని పక్కకు దొర్లించేవాడు, దొర్లించినవీ సాయంత్రానికి అతని కల్లంలోనే ఆరేవి. జమ్లి కట్టలూ దొర్లాయి. బ్యారన్‌లో కూర్చుని దస్రు పాట కడుతుంటే చివరి మాట కుదరలేదు. ఆకుల కల్లం నీదే పిచ్చయ్యో, ఆ తర్వాత? రూప్‌సింగ్ ఏదో అన్నాడు, హేమ్లి ఏదో అంది. పదహారేళ్ల జమ్లి మీటల మీద వేళ్లు పెట్టుకుని, ఎవరినీ చూడకుండా, అగ్గిపుల్ల మాది పిచ్చయ్యో, అంది. ముగ్గురూ ఆమెను చూశారు. దస్రు డబ్బా మీద ఒక్క దెబ్బ వేశాడు. ఆ మాట అతని గొంతులో లోకానికి పోయింది గానీ కట్టింది ఆమె. ఇప్పుడు అదే వస్తోంది, అగ్గిపుల్ల మాది, అగ్గిపుల్ల మాది, బ్యారన్ గోడలు దాన్ని పైకి తీసుకుపోయి ఆలోచించుకుని మరెవరి గొంతులోనో కిందికి దించుతున్నాయి. ఎవరో విని ఉంటారా? ఆ సంచి మనిషి, ఆ పదకొండో క్యాసెట్టు అడిగి తీసుకున్న మనిషి, ఈ మాట విన్నాడా, విని లేచాడా? కట్టలు తన్నినందుకు తిట్టిన తిట్టు అది, మనిషిని కాల్చమన్న మాట కాదు. కాదా? పన్నెండేళ్ల కిందట మనసులో ఏముందో ఆ టేపుకు తెలుసు, తనకు తెలియదు. మిరప ఘాటు ముక్కులోకి ఎక్కింది, కళ్లు నీళ్లు కారాయి, భుజంతో తుడుచుకుంది. లేవాలి. లేచి గదిలోకి పోయి, ఆకలైతుందా అని అడుగుతూ, చెయ్యి తగిలినట్టు తగిలి మీట ఆపాలి. మంటచేతులు, కారం చేతులు, ఆ సన్నని టేపు మీద పడితే ఏమవుతుందో. ఇంకో కాయ అందుకుంది. పాట అయిపోయింది. చివరి దెబ్బ, గులకరాళ్లు రెండూ ఎగిరి పడిన చప్పుడు.

గరగర. అందులో చిన్నచిన్న చిటపటలు, పక్క బ్యారన్ పొయ్యిలో మండుతున్న కట్టెలవి. మీట ఆగిన చప్పుడు రాలేదు. ఆరు, ఏడు, ఎనిమిది. అతను ఆపడం లేదు. పదకొండు. నిద్రపోయాడేమో. పదమూడు, పద్నాలుగు. హేమ్లి పళ్లెం కింద పెట్టిన చప్పుడు, పదిహేడు. దస్రు గొంతు సవరించుకున్నాడు, పట్నపు పలుకు తెచ్చిపెట్టుకున్నాడు, "ఇంతదాంక పాడినోళ్లు," అన్నాడు. ఠక్.

ఆగింది. ఆ మాట దగ్గర, వెంట్రుకవాసి ఇటూ అటూ కాకుండా. ముందే విననివాడు అక్కడ ఆపలేడు. జమ్లి వేళ్ల మధ్య కాయ అట్లాగే ఉంది. టేపు కొద్దిగా వెనక్కి తిరిగిన చప్పుడు, సన్నటి కీచు, ఆగిన చప్పుడు. తర్వాత ఒక మీట కాదు, రెండు. కలిపి. బరువుగా, గడియ పడ్డట్టు.

ఆ చప్పుడు పన్నెండేళ్ల తర్వాత కూడా ఆమె వేళ్లకే ముందు తెలిసింది. కాయను చేటలోకి వదలబోయి, పడితే చప్పుడవుతుందని గుప్పిట్లోనే ఉంచుకుంది. పొలం పనికి రాని చదువు చదివిన ఆ భయం మనిషి, పెన్ను కూడా చేత్తో పట్టుకుపోయే మనిషి, ఎర్ర మీట నొక్కాడు. దీనికి చెవులెక్కువ అమ్మాయ్. ఇల్లంతా ఊపిరి బిగబట్టింది. మట్టిగోడలు, చూరులో పిచ్చుక, వాకిట్లో ఎండ. పేర్ల మీద ఇప్పుడు ఈ ఎండ ఎక్కుతోంది, ఈ పిచ్చుక ఎక్కుతోంది, దస్రు పేరు చెరిగి ఉంటుంది, రూప్‌సింగ్‌ది చెరుగుతోంది, హేమ్లిది, తనది. తండా పేరు. అక్కడితో ఆపవచ్చు గానీ ఆపకూడదు, పేర్ల తర్వాత మాటలున్నాయి, మాటల్లోనూ పేర్లున్నాయి, టేపు చివర దాకా ఉన్నాయి. అవి ఆమెకు అచ్చు పడ్డట్టు గుర్తు. అన్నా, ముందుగాల చెప్పాలె గద పేర్లు, అని హేమ్లి, మూత ఎగిరిపోయిన నవ్వు. ఎన్క చెప్తే ఏమయితదే, పాట నచ్చినోడే పేరడుగుతడు, అని దస్రు. రూప్‌సింగ్ పేరు ఇంకోసారి పెద్దగ చెప్పన్నా, ఆయన పెండ్లాం ఇంటది, అని మళ్లీ హేమ్లి. నాకు పెండ్లాం ఏడుందే, అని రూప్‌సింగ్. ఇంటే వస్తది. మళ్లీ నవ్వు, నలుగురిదీ. అదిగో నిర్మలాదేవి, ఇంకా తిరుగుతోందబ్బాయ్, ఆపేదా? వద్దమ్మా, ఉండనీ, మా మాటలు గూడ ఎక్కనీ. మా మాటలు గూడ ఎక్కనీ. పాటలు ఎన్ని ఉన్నా అన్న మామూలుగా మాట్లాడిన మాట లోకంలో అదొక్కటే మిగిలింది, హేమ్లి నవ్వు అదొక్కచోటే ఉంది, అసలు టేపు మున్నేట్లో ఉంది. అది ఇప్పుడు పోతోంది. ఈ నిమిషం ఆ నవ్వు మీద ఈ ఇంటి మధ్యాహ్నం పరుచుకుంటోంది. ముక్కులో ఘాటు తుమ్ముగా తిరిగి పైకి వస్తోంది, మోచేతిని ముఖానికి అదుముకుంది, కళ్లలోంచి నీళ్లు మిరపకాయల మీద పడ్డాయి, చప్పుడు కాలేదు.

గది తలుపు నీడ కదిలింది. తుల్సీరాం మునివేళ్ల మీద వసారాలోకి వచ్చాడు, చెప్పులు చేతిలో ఉన్నాయి. మూడు రోజుల్లో మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు. పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. తర్వాత ఆ వేలితోనే వాగు అవతలికి చూపించాడు, దస్రు ఇంటి వైపు, అరచెయ్యి ఊపాడు, పొమ్మని చెప్తానన్నట్టు, పిల్లల్ని తీసుకుని అడవి దాటి ఎటైనా పొమ్మని. ఆమె తల ఆడించింది. చెప్పాల్సింది ఎంతో ఉంది, పదేళ్లది, ఇద్దరికీ. లోపల రెండు చక్రాలు తిరుగుతున్నాయి. సైకిల్ గోడకు ఆనించి ఉంది. తోస్తే చక్రం టిక్కుటిక్కుమంటుందని, వంగి, పసిదూడను ఎత్తినట్టు భుజానికి ఎత్తుకున్నాడు, తడిక పక్క సందులోంచి బయటపడ్డాడు, చేను గట్టు దాకా మోసుకుపోయి అక్కడ దించి ఎక్కాడు. వాగు దారి పట్టాడు. తెల్లచొక్కా చిన్నదవుతోంది. వెన్ను ఎప్పుడూ లేనంత నిటారుగా ఉంది.

నాలుగింటికి ఇంకా గంట ఉంది. జమ్లి మళ్లీ కుప్ప వైపు చూసింది. అప్పుడే వినిపించింది. మొదట తుమ్మెద అనుకుంది. తర్వాత తుమ్మెద గేరు మార్చింది. జీపు రావాల్సింది తారురోడ్డు వైపు నుంచి. ఈ చప్పుడు వాగు అవతలి నుంచి వస్తోంది. ఆమె తల తిప్పింది. అన్న ఉండే తండా మీద, తాటిచెట్ల నడుమ, ఎర్రగా దుమ్ము లేచి నిలబడింది, అక్కడి నుంచి వాగు దారిలోకి దిగుతోంది. ముందే పోయారు. క్యాసెట్టు వినాల్సిన పని లేకుండానే పోయారు. ఎవరో చెప్పారు, లేదా ఆ నాలుగు పేర్లూ వాళ్ల దగ్గర ఎప్పుడో ఉన్నాయి, తుల్సీరాం ఏం చేస్తాడో చూడడానికే క్యాసెట్టు ఇచ్చారు. తెల్లచొక్కా ఆ దుమ్ముకు ఎదురుగా, వంచిన తల ఎత్తకుండా, తొక్కుకుంటూ పోతోంది. వాగు ఒడ్డు మోదుగులు అడ్డం, అతనికి కనిపించదు.

పిలవాలి. నోరు తెరుచుకుంది, ఛాతీ నిండా గాలి వచ్చింది, ఎద్దు మీద నిలబడి పిలిచినప్పటి గాలి. ఏమని పిలవాలి? పదేళ్లలో పెనిమిటిని పేరు పెట్టి పిలవలేదు. ఇంత దూరానికి పేరు తప్ప ఇంకేదీ అందదు. లోపల రెండు చక్రాలు తిరుగుతున్నాయి. నాలుగు పేర్లు చెరిగిన చోట ఐదో పేరు ఎక్కుతుంది, తన గొంతుతోనే.

నోరు మూసుకుంది. ఒడిలోని తొడిమలను కొంగుతో సహా మెల్లగా నేలకు దించింది. వంగి, మండే వేళ్లతో ఒక కాలి పట్టీ తీసింది, రెండో కాలిది తీసింది, రెండింటినీ మిరపకాయల కుప్పలోకి లోతుగా, మువ్వ కదలకుండా గుచ్చింది. లేచి నిలబడింది. జీపు చప్పుడు గదిలోకి కూడా పోతూ ఉంటుంది, ఎక్కుతూ ఉంటుంది, ఎక్కనీ. వాగు దారి చుట్టు తిరిగి పోతుంది, చెలక మీదుగా పడి పరుగెత్తితే అతనికంటే ముందు మోదుగుల దగ్గరికి చేరవచ్చు. చేరలేకపోవచ్చు. గుప్పిట్లో ఇందాకటి మిరపకాయ నలిగి గింజలు రాలుతున్నాయి. జమ్లి పెదవులు బిగించుకుని, తడిక చప్పుడవుతుందని దాన్ని ముట్టకుండా, అతను పోయిన సందులోంచే బయటికి పోయింది.